సిగార్ సగం దాటాక చేదెక్కుతోంది: తప్పు సిగార్‌దా, నోటిదా?

విశాఖ_తీరం

అందరికీ నమస్కారం. నికరాగువా రొబస్టో సిగార్ల పెట్టె ఒకటి ఉంది నా దగ్గర, 5 అంగుళాల పొడవు, 50 రింగ్ మందం. అన్నీ ఒకే పెట్టెలోవే. ఒకటి కోకో, వేయించిన వేరుశనగ రుచితో చివరిదాకా హాయిగా కాలుతుంది. మరొకటి సగానికి వచ్చేసరికి నాలుక మీద కాకరకాయ పిండినట్టు ఉంటుంది. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, 69 శాతం తేమను నిలిపే బోవెడా ప్యాకెట్‌తో ఉంచుతున్నాను. రాత్రి భోజనం అయ్యాక పళ్లు తోముకుని బాల్కనీలో కూర్చుంటాను. పక్కన పాలు లేని కాఫీ ఉంటుంది.

తెలుసుకోవాలనుకుంటున్నవి రెండు. ఈ చేదు ఎక్కడి నుంచి వస్తోంది? నోటిని మళ్లీ శుభ్రంగా, రుచి తెలిసేలా చేసుకోవాలంటే ఏది ఎంత వాడాలి, ఎంత సేపు ముందు వాడాలి? "నీళ్లు తాగండి" అని కాకుండా కాస్త వివరంగా చెప్పండి.

నుసి_నిలబడాలి

విశాఖ_తీరం గారూ, చేదు ఎప్పుడు మొదలవుతోందో మీరే చెప్పారు, సగం జవాబు అందులోనే ఉంది. మొదటి దమ్ము నుంచే చేదుగా ఉంటే నోటిని గానీ, వెలిగించిన తీరును గానీ అనుమానించాలి. సగం దాటాక చేదెక్కితే అది వేడి వల్లో, తడి వల్లో. మీది రెండోదే అనిపిస్తోంది. నాలుక కడుక్కునే పద్ధతులు మంచివే, కానీ అవి తడి సిగార్‌ను బాగుచేయలేవు.

లోపల జరిగేది ఇదీ. నిప్పు దగ్గర పుట్టిన పొగ, ఇంకా కాలని ఆకుల గుండా నోటిదాకా వస్తుంది. ఆ దారిలో చల్లబడుతుంది, తారు, నీటి ఆవిరి కొంత ఆకుల్లోనే చిక్కుకుంటాయి. సిగార్ పొట్టిదయ్యేకొద్దీ నిప్పు ఆ తారు పేరుకున్న చోటికి వస్తుంది. అందుకే ఆఖరి మూడో వంతు ఏ సిగార్‌లోనైనా ఘాటుగానే ఉంటుంది. ఘాటు వేరు, చేదు వేరు. తొందరగా లాగితే నిప్పు వేడెక్కి, ఆకు నెమ్మదిగా కాలే బదులు మాడుతుంది. ఆ మాడు రుచే చేదు.

5 అంగుళాల రొబస్టో 45 నిమిషాల నుంచి గంట దాకా రావాలి. మీది అరగంటలో అయిపోతుంటే వేరే కారణం వెతకనక్కర్లేదు. నిమిషానికి ఒక దమ్ము, అది కూడా 2-3 సెకన్లు, మెల్లగా. నిప్పుకు రెండు వేళ్ల వెడల్పు వెనక సిగార్‌ను పట్టుకుని చూడండి. వేళ్లకు చురుక్కుమంటే రెండు నిమిషాలు పక్కన పెట్టేయండి. ఆరిపోతుందని భయం వద్దు, ఆరినా మళ్లీ వెలిగించవచ్చు. మాడిన రుచి మాత్రం వెనక్కి పోదు.

చేదు మొదలైన వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. నుసి రాల్చి, సిగార్‌ను పెదాల మధ్య పెట్టుకుని, లాగకుండా 3-4 సెకన్లు లోపలికి మెల్లగా ఊదండి. నిలిచిపోయిన పొగ నిప్పు వైపు నుంచి బయటికి పోతుంది. ఊదేటప్పుడు నిప్పు దగ్గర లైటర్ మంట చూపిస్తే ఆ పొగ కొన్నిసార్లు భగ్గుమంటుంది, మొహానికి దూరంగా ఉంచండి. ఆ తర్వాత ఒక నిమిషం ఆగి మొదటి దమ్ము లాగండి.

నోట్లో పెట్టుకునే కొసను కూడా చూడండి. గోధుమ రంగు జిగట చుక్క కనబడితే అది తారే, నేరుగా నాలుకకు తగులుతోంది. కట్టర్‌తో ఇంకో 2 మిల్లీమీటర్లు కోసేయండి. పంచ్‌తో చిన్న కన్నం చేసుకునేవాళ్లకు ఇది ఎక్కువ. పొగంతా ఒకే చిన్న కన్నంలోంచి వస్తుంది కాబట్టి తారు అక్కడే పేరుకుంటుంది. మొదట కోసేటప్పుడు మాత్రం 1.5-2 మిల్లీమీటర్లు చాలు. కొస గుండ్రంగా వంగే చోటు దాటి కోస్తే పై ఆకు విడిపోతుంది.

ఒకే పెట్టెలో తేడా ఎందుకంటే, ఇవి చేత్తో చుట్టినవి. లోపలి కట్టలో లిహెరో అనే, మొక్క పైభాగాన కాసే ఆకు ఉంటుంది. అది మందంగా ఉంటుంది, ఘాటెక్కువ, నెమ్మదిగా కాలుతుంది. దాన్ని కట్ట మధ్యలో పెట్టాలి. పక్కకు జరిగితే ఒకవైపు కాలక, మీరు గట్టిగా లాగుతారు. ఆకు మెలిపడి ముడిపడినా అంతే. వెలిగించే ముందే, కోశాక చల్లగా ఒక దమ్ము లాగి చూడండి. గాలి కష్టంగా వస్తే ఆ సిగార్ చేదెక్కుతుందని అప్పుడే చెప్పవచ్చు.

తేమ_లెక్క

పై అన్నకు నూటికి నూరు శాతం సమ్మతం. నేను డబ్బా సంగతి చెబుతాను.

విశాఖలో 69 ప్యాకెట్ నాకు నచ్చదు. 65కు మారండి. తడి ఎక్కువున్న ఆకు సరిగా అంటుకోదు, ఆరుతూ ఉంటుంది, ఆరకుండా మీరు ఇంకా లాగుతారు, వేడి పెరుగుతుంది. తడి సిగార్ చేదు వెనక పులుపు కూడా ఉంటుంది, నోరంతా బరువుగా అనిపిస్తుంది. 65లో ఉన్న సిగార్‌ను వేళ్లతో నొక్కితే కొంచెం లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. మెత్తగా నొక్కుడు పడిపోతే తడి, చిటపటమంటే పొడి.

ప్యాకెట్ మీద రాసిన అంకె కాదు, డబ్బా లోపల ఎంతుందో చూడాలి. తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొని, ముందు దాన్ని పరీక్షించండి. సీసా మూతలో ఒక చెంచా ఉప్పు వేసి, కొన్ని చుక్కల నీళ్లతో ముద్ద చేయండి, కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటర్‌నూ జిప్ కవర్లో పెట్టి, గాలి చొరకుండా మూసి, ఒక రోజు కదపకుండా ఉంచండి. లోపల 75 శాతం ఉండాలి. 71 చూపిస్తే మీ మీటర్ 4 తక్కువ చెబుతోందన్నమాట, ఇకపై 4 కలుపుకోండి.

60 గ్రాముల ప్యాకెట్ ఒకటి 25 సిగార్లకు సరిపోతుంది. డబ్బాలో ప్యాకెట్‌కు ఆనుకుని ఉన్న సిగార్లు మిగతావాటికంటే తడిగా ఉంటాయి, మీ పెట్టెలో తేడాకు ఇదీ ఒక కారణం కావచ్చు. నెలకోసారి కిందివి పైకి, పైవి కిందికి మార్చండి. వానాకాలంలో మీ ఊరి గాలిలోనే 80 శాతం తేమ ఉంటుంది, అందుకని కాల్చే ముందు ఒక రోజు బయట ఆరబెట్టమనే సలహా అక్కడ తిరగబడుతుంది. దానికి బదులు చిన్న డబ్బాలో 62 ప్యాకెట్‌తో రెండు రోజులు ఉంచండి. హైదరాబాద్ వేసవిలో కష్టం దీనికి ఉల్టా. పొడిగాలికి కొన్ని గంటల్లోనే పై ఆకు పగులుతుంది. ఎండిన సిగార్ కాగితం కాలిన రుచి ఇస్తుంది. దాన్ని ఒక్కసారిగా 69లో పడేస్తే లోపలి ఆకు ఉబ్బి పై ఆకు చీలుతుంది. రెండు వారాలు 62లో ఉంచి, ఆ తర్వాత 65కు తీసుకెళ్లాలి. ఆరిపోయిన నూనెలు మాత్రం తిరిగి రావు.

ఇంకో రకం చెడ్డ రుచి, ముక్కుకు కొట్టే అమ్మోనియా. పొగాకును కుప్పలు పోసి మగ్గబెట్టేటప్పుడు అమ్మోనియా పుడుతుంది, అది పోయేదాకా ఆగకుండా చుట్టిన సిగార్‌లో ఆ వాసన ఉంటుంది. దీనికి మందు కాలమే. కొన్ని నెలలు కదపకుండా పెట్టేయండి. కొరియర్‌లో వచ్చినవాటికి కూడా రెండు మూడు వారాల విశ్రాంతి ఇవ్వండి. టెక్సాస్, అరిజోనాల్లో ఉండేవాళ్లు వేసవిలో తెప్పించుకోకపోవడమే మంచిది, వ్యాన్‌లోని వేడికే ఆకు పాడవుతుంది.

వేడి గురించి చివరి మాట. డబ్బా 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే మేలు. 25 దాటితే పొగాకు పురుగు గుడ్లు త్వరగా పొదుగుతాయి. పై ఆకు మీద సూదితో పొడిచినట్టు గుండ్రటి కన్నాలు కనబడితే, మిగతావన్నీ రెండు జిప్ కవర్లలో కట్టి ఫ్రీజర్‌లో 4 రోజులు, తర్వాత మామూలు ఫ్రిజ్‌లో ఒక రోజు, ఆ తర్వాత బయట. నేరుగా ఫ్రీజర్ నుంచి బయటికి తెస్తే ఆకు పగులుతుంది. వెలిగించే చివరన ఆకుపచ్చ బూజు కనబడిన సిగార్‌ను పారేయండి, తుడిచి కాల్చకండి.

నాలుక_పని

ఇక నోటి సంగతి. మీ ప్రశ్నలో ఉన్న రెండు అలవాట్లు నాకు కొట్టొచ్చినట్టు కనిపించాయి.

మొదటిది టూత్‌పేస్ట్. నురుగు కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ నాలుక మీద తీపిని కాసేపు అణచి, చేదును పైకి తెస్తుంది. తోముకున్నాక నారింజ రసం తాగితే చేదుగా ఉండేది అందుకే. దాని మీద పుదీనా చల్లదనం ఒకటి. సిగార్‌కు గంట ముందు పేస్ట్ వద్దు, వట్టి బ్రష్‌తో తోముకోండి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్ ఇంకా మొండిది, రోజూ వాడేవాళ్లకు రుచులే మారిపోతాయి.

రెండోది పాలు లేని కాఫీ. చేదు మీద చేదు. ముదురు టీ, ఎర్ర వైన్ కూడా అంతే, వాటిలోని వగరు లాలాజలంలోని జిగటను పట్టేసి నోటిని ఎండబెడుతుంది. ఎండిన నోటికి పొగ మరీ గరగరగా తగులుతుంది. కాఫీ కావాలంటే పాలు, కాస్త చక్కెర వేసుకుని తాగండి.

వరసగా చెబుతాను. భోజనం అయ్యాక 45 నిమిషాలు ఆగండి. ఆవకాయో, గోంగూర కారమో తిన్న రోజు గంటన్నర. కారం మంట నీళ్లతో పోదు, పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని తీసేస్తుంది, అందుకే పెరుగన్నంతో ముగించండి లేదా అర గ్లాసు మజ్జిగ తాగండి. తర్వాత నాలుక బద్దతో వెనక నుంచి ముందుకు మెల్లగా రెండు మూడు సార్లు గీకండి, గట్టిగా గీకితే నాలుక పుండుపడి ఇంకా మండుతుంది. 250 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, 30 సెకన్ల చొప్పున రెండుసార్లు పుక్కిలించి ఉమ్మేయండి. ఉప్పుకు చేదును కొంత అణచే గుణం ఉంది. చివరగా మామూలు నీళ్లు. ఒక ముక్క బ్రెడ్ గానీ, ఉప్పు లేని గుప్పెడు మరమరాలు గానీ నమిలితే నాలుక మీద మిగిలిన జిడ్డు పోతుంది. పది నిమిషాలు ఆగి వెలిగించండి.

కాల్చేటప్పుడు పక్కన వట్టి సోడా ఉంచుకోండి. అయిదారు నిమిషాలకోసారి చిన్న గుక్క, నోరంతా తిప్పి మింగండి. ఐసు వద్దు, చల్లదనానికి నాలుక మొద్దుబారుతుంది. రెండు రకాలు పోల్చాలంటే మధ్యలో కనీసం పావుగంట బయటి గాలిలో నిలబడాలి. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే, ముక్కు ఒకే వాసనకు త్వరగా అలవాటు పడిపోతుంది. జలుబు చేసిన రోజు కోకో, గింజల రుచులు మాయమై చేదు, మంట మాత్రమే మిగులుతాయి. ఆ రోజు మానేయండి.

వక్క, సోంపు, యాలకులు, పిప్పరమెంటు నోటిని శుభ్రం చేస్తాయనుకుంటాం, అవి తమ రుచినే నింపుతాయి. ఉసిరికాయ తిన్నాక మంచినీళ్లు కూడా తియ్యగా ఉంటాయి కదా, అలాంటి నాలుకతో సిగార్ రుచి చూడకండి. షుగర్ ఉన్నవాళ్లు పొడపత్రి పొడి నోట్లో వేసుకుంటే కనీసం అరగంట తీపి తెలియదు, సిగార్‌లోని తియ్యదనం అంతా పోయి చేదే నిలుస్తుంది.

విశాఖ_తీరం

అందరికీ ధన్యవాదాలు. పేస్ట్ గురించి అసలు ఆలోచించలేదు. ఇంకో రెండు సందేహాలు. ఆరిపోయాక అగ్గిపుల్లతో వెలిగిస్తే గబ్బు రుచి వస్తోంది, ఎందుకు? ఇంట్లో పెద్దాయన ఒకరు లంక చుట్ట తాగుతారు. ఈ మధ్య ఏ చుట్టా రుచించడం లేదంటున్నారు. ఈ ఉప్పు నీళ్లు ఆయనకూ పనిచేస్తాయా?

నుసి_నిలబడాలి

అగ్గిపుల్ల తలలో గంధకం ఉంటుంది. గీసిన వెంటనే పెట్టకండి, తల పూర్తిగా కాలి మంట పుల్లకు పాకేదాకా 3 సెకన్లు ఆగండి. పొడవాటి పుల్లలైతే మేలు. పెట్రోల్ లైటర్, కొవ్వొత్తి వద్దు, రెండింటి వాసనా ఆకుకు పడుతుంది. బ్యూటేన్ లైటర్ వాడండి, మంట కొన సిగార్‌కు తగలకుండా 2 సెంటీమీటర్ల కిందే ఉంచి, తిప్పుతూ అంచు అంతా ఎర్రబడ్డాకే లాగండి. మళ్లీ వెలిగించేటప్పుడు ముందు నుసి అంతా రాల్చాలి, వెలిగాక లోపలికి ఊదాలి. ఆరి గంట దాటితే ఆ సిగార్‌ను వదిలేయండి, చల్లారిన తారు గబ్బు ఎలా వెలిగించినా పోదు.

గోదావరి_లంక

పెద్దాయన సంగతి వేరుగా చూడాలి బాబూ. గోదావరి లంక భూముల ఆకు బ్యారన్‌లో (వేడి గాలి కొట్టంలో) ఆరబెట్టిన వర్జీనియా పొగాకు లాంటిది కాదు, చాలా ఘాటైనది. చుట్ట, సిగార్ పొగకు క్షార గుణం ఉంటుంది, అందువల్ల గుండెల్లోకి పీల్చకపోయినా నికోటిన్ నోటి చర్మం నుంచే ఒంట్లోకి ఎక్కుతుంది. పొగ మింగడం లేదు కాబట్టి ఏమీ కాదనుకునేవాళ్లకు ఇది చెప్పాలి. నోటి క్యాన్సర్ ముప్పు చుట్టకూ సిగార్‌కూ ఉంది.

ఆయన అడ్డపొగ తాగుతారా అన్నది ముందు కనుక్కోండి. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే ఆ అలవాటు శ్రీకాకుళం, విశాఖ తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఎప్పటి నుంచో ఉంది. నిప్పు వేడి నేరుగా అంగిలికి తగిలి, అక్కడి చర్మం తెల్లబారి, ఎర్రటి చుక్కలు పడి, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. అలాంటి నోటికి ఉప్పు నీళ్లతో కాలక్షేపం చేయకూడదు.

చుట్ట మానేసినా రెండు వారాలకు రుచి రాకపోయినా, నోట్లో తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, మానని పుండు కనబడినా దంత వైద్యుడికో, చెవి ముక్కు గొంతు డాక్టర్‌కో చూపించండి. మచ్చ కనబడితే రెండు వారాలు ఆగనక్కర్లేదు. ఇంట్లో ముందుగా చూడాలంటే, కట్టుడు పళ్లుంటే తీయించి, తల వెనక్కి వాల్చమని, ఫోన్ టార్చ్‌తో అంగిలి, నాలుక కింద, బుగ్గల లోపల చూడండి. డాక్టర్ దగ్గరికి ఆయన వేసుకునే మాత్రలన్నీ తీసుకెళ్లండి. మెట్రోనిడజోల్ లాంటివి వాడుతున్నప్పుడు నోట్లో ఇనుము రుచి రావడం మామూలే, అదే అయితే కోర్సు అయ్యాక పోతుంది.