టార్ బ్యాకప్‌లో ఒక ముక్క చెడితే మిగతా పాటలు దక్కుతాయా?

అమ్మమ్మ పాడిన పెళ్లిపాటలు, మంగళహారతుల వేవ్ ఫైళ్లు 60 జీబీ దాకా ఉన్నాయి. ఆ గొంతును మళ్లీ రికార్డు చేసే వీలు లేదు. బ్యాకప్ కోసం ఉన్న హార్డ్ డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది, అందులో ఏ ఫైలూ 4 జీబీ దాటకూడదు. ఇంట్లోని పాత టీవీ కోసం ఆ ఫార్మాట్ మార్చలేను. అందుకే ఫైళ్లన్నిటినీ టార్‌తో ఒకే ఫైలుగా కట్టి, జీజిప్‌తో కుదించి, స్ప్లిట్ కమాండ్‌తో 3900 ఎంబీ ముక్కలు చేస్తున్నాను. క్యాట్ కమాండ్‌తో ముక్కలను మళ్లీ కలిపితే చక్కగా తెరుచుకుంటున్నాయి.

నా భయమల్లా ఒకటే. జీజిప్ మొదటి నుంచి చివరి దాకా ఒకే ధార కదా, మధ్యలో ఒక ముక్క చెడితే ఆ తర్వాతి పాటలన్నీ పోయినట్టేనా? పాటలను నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌లోకి మార్చి ఫోల్డర్‌కొక టార్ చేయడం మేలా? చెడిన భాగాన్ని తిరిగి కట్టే పార్2 మరమ్మతు ఫైళ్లు కూడా పెట్టుకోవాలంటే అసలు సైజులో ఎంత శాతం సరిపోతుంది? ఇలాంటి బ్యాకప్ నుంచి ఫైళ్లు తిరిగి రాబట్టినవారు ఉంటే దయచేసి చెప్పండి.