సమస్య (దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి): పూత లేని చెట్టు పొదిగె విత్తు

నిర్వాహకులు: ఈ పాదం తోచగానే మురిసిపోయాను. ఒక్కటే నియమం: చెట్టు శేషాచలం అడవిదై ఉండాలి. 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయిన కొండలవి, సరుకుకు లోటు లేదు.

చిత్తూరు చకోరం:
రాతి కొండ మీద రక్తచందన మున్న
చోట నాడ మగలు చూడ వేర
యాకు వంటి పొలుసు యంచున బయటనే
పూత లేని చెట్టు పొదిగె విత్తు

నాది పేరీత, అంటే సైకస్ బెడ్డోమీ. మగచెట్టుకు కంకి, ఆడచెట్టుకు పొలుసులు. పూవూ లేదు, విత్తును కప్పే కాయా లేదు.

అవధానప్రియ: "పొలుసు యంచున" చెల్లదండీ. ఉత్వానికి అచ్చు పరమైతే సంధి నిత్యం, మధ్యలో 'య' చేరే యడాగమం రాదు. "రెమ్మ యంచున" అంటే గణమూ యతీ నిలుస్తాయి. "బయటనే" మాత్రం అద్భుతం! వివృతబీజం, అంటే విత్తు కాయలో దాగని మొక్క, సంగతంతా ఆ నాలుగక్షరాల్లో ఉంది.

పెన్నా తుమ్మెద:
మేడి కాయ లోన మెసలెడు కందిరీ
గకునె దెలియు పూవు గాని, మనకు
పైన జూడ నొక్క పసిరేకయును లేదు
పూత లేని చెట్టు పొదిగె విత్తు

చిత్తూరు చకోరం: తుమ్మెద గారూ, ధార మీ సొత్తు. కానీ మేడికాయ కోస్తే లోపలి గోడంతా పూలే. కనబడనంత మాత్రాన పూత లేనట్టా? సమస్య సగమే విడింది.

పెన్నా తుమ్మెద: "పైన జూడ" అన్నాను కదా, విరుపు అక్కడే ఉంది. వృక్షశాస్త్రం దాకా వచ్చారు కాబట్టి అడుగుతున్నాను, పోయినసారి మీ పద్యంలో ఎర్రచందనం ఎలా గుబాళించింది? దాని చేవలో ఉన్నది శాంటలిన్ అనే ఎర్ర రంగు, వాసన కాదు. పరిమళం శ్రీగంధానిది. అది వేరే కుటుంబం, పక్క మొక్కల వేళ్ళ నుంచి ఆహారం లాక్కునే చెట్టు.

అవధానప్రియ: ఆ మాటలో తుమ్మెద గారిదే న్యాయం. ఈ పూరణలో మాత్రం చకోరం గారి రెండో పాదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సైకస్‌లలో పుప్పొడి అందకపోయినా అండం ఉబ్బి విత్తులాగే కనబడుతుంది, కోస్తే లోపల పిండం ఉండదు. పేరీత మగకంకుల్ని మందుకని కోసుకుపోతారు. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం సైట్స్, దాని మొదటి అనుబంధంలో ఉన్న చెట్టుకు ఈ గతి! మగకంకి పోయాక ఆడచెట్టు నిండా గింజలున్నా మొలక రాదు. "పొదిగె" అన్న క్రియకు "ఆడ మగలు" ఉండితీరాలి.

నిర్వాహకులు: సవరణతో చకోరం గారిది, ఉన్నదున్నట్టుగా తుమ్మెద గారిది స్వీకరిస్తున్నాను. మగకంకి కోత మీద ఇంకా ఎవరూ రాయలేదు, దాన్ని ఎత్తుకోండి.