షిరాజ్ రెడ్ వైన్‌లో కుళ్ళిన గుడ్డు వాసన: మిగతా సీసాలు దాచాలా?

నాసిక్ షిరాజ్ ఆరు సీసాలు మార్చిలో కొన్నాను. మూడు తెరిచాను, మూడింట్లోనూ మూత తీయగానే కుళ్ళిన గుడ్డు వాసన. స్క్రూ మూత కాబట్టి కార్క్ చెడిందని అనుకోలేను. పైగా కార్క్ చెడితే వచ్చేది తడి అట్టముక్క వాసన కదా, ఇది వేరు.

17 డిగ్రీలకు చల్లబరిచి, డికాంటర్‌లో (వైన్‌కు గాలి తగిలేలా పోసి ఉంచే గాజు పాత్ర) 45 నిమిషాలు ఉంచితే సగం తగ్గింది. రెండో సీసాకు రెండు గంటలిచ్చాను, నేరేడుపండు రుచి కాస్త పైకొచ్చింది. మూడోదాన్ని గ్లాసులో పోసి, శుభ్రంగా తోమిన రాగి చెంచాతో రెండు నిమిషాలు తిప్పాను (ఇంట్లో నవ్వారు లెండి). గుడ్డు వాసన పూర్తిగా పోయింది. కానీ అడుగున కాలిన రబ్బరు, వెల్లుల్లి కలిసినట్టు ఏదో మిగిలింది. అది మాత్రం దేనికీ లొంగట్లేదు.

మిగిలిన మూడు సీసాలు ఇంకో ఏడాది కదపకుండా ఉంచితే ఆ రబ్బరు వాసన తగ్గుతుందా, లేక ముదురుతుందా?