చుక్క కారడం లేదు, కూలెంట్ మాత్రం తగ్గుతోంది: హెడ్ గాస్కెట్టేనా?

ప్రశ్న:
నాది తొమ్మిదేళ్ల పెట్రోలు కారు. మూడు నెలలుగా కూలెంట్ డబ్బాలో మట్టం రెండు వారాలకొకసారి పై గీత నుంచి కింది గీతకు దిగిపోతోంది. రాత్రి కారు కింద అట్ట పరిచి చూశాను, తెల్లవారేసరికి ఒక్క తడి మచ్చ కూడా లేదు. ఉష్ణోగ్రత ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటోంది. బానెట్ ఎత్తి చూసిన మెకానిక్, బయట కారడం లేదు కాబట్టి హెడ్ గాస్కెట్ (ఇంజను బ్లాకుకూ దాని పై భాగమైన హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయి కూలెంట్ ఇంజను లోపలికే పోతున్నట్టేననీ, ఇంజను విప్పాలనీ చెప్పారు. ఒప్పుకోమంటారా?

మొదటి సమాధానం:
ఇప్పుడే ఒప్పుకోకండి. హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు, కాని అట్ట పొడిగా ఉన్నంత మాత్రాన ఆ నిర్ణయానికి రాలేము. ఇంజను వేడెక్కినప్పుడు కూలెంట్ వ్యవస్థలో బయటి గాలి కంటే సుమారు ఒక బార్ ఎక్కువ పీడనం ఉంటుంది. సన్నటి సందులోంచి ద్రవం బయటికి వచ్చేది ఆ సమయంలోనే, అంటే కారు నడుస్తున్నప్పుడే. వచ్చిన ఆ కాస్తా వేడి లోహం మీద పడి ఆవిరైపోతుంది, కారు నిలిపి ఇంజను చల్లారాక పీడనం తగ్గి కారడమూ ఆగిపోతుంది. అందువల్ల తెల్లవారి అట్ట మీద మీకు ఏమీ కనబడదు.

ముందు లెక్క సరిగ్గా తేల్చుకోండి. కూలెంట్ వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి ఒకరోజు వేడిగా ఉన్నప్పుడు, మరొకరోజు చల్లగా ఉన్నప్పుడు చూసిన మట్టాలను పోల్చకూడదు. పొద్దున్నే, ఇంజను స్టార్ట్ చేయకముందు, సమతల నేల మీద చూసి, డబ్బాకు టేపు ముక్క అంటించి, పక్కనే కిలోమీటర్లు రాసుకోండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు కూలెంట్ మూత మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. సగం కూలెంట్, సగం నీరు కలిసిన ద్రవం మామూలు పీడనంలో సుమారు 107 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూత దాన్ని పీడనంలో బిగించి ఉంచుతుంది కాబట్టే అంతకంటే వేడెక్కినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలోనే అది ఉడుకుతూ ముఖం మీదికి చిమ్ముతుంది.

ఆ తరువాత చల్లటి ఇంజను మీద పీడన పరీక్ష చేయించండి. మూత స్థానంలో చేతిపంపు బిగించి, మూత మీద ముద్రించిన అంకె వరకు మాత్రమే పీడనం ఎక్కించి, పావుగంట పాటు ముల్లును గమనిస్తారు. చల్లగా ఉన్నప్పుడే చేయమనడానికి కారణం ఉంది: బయటికి వచ్చిన చుక్క ఆవిరి కాకుండా నిలుస్తుంది, పైగా కొన్ని హోస్ క్లాంపులు (గొట్టాలను బిగించే పట్టీలు) లోహం కుంచించుకున్నప్పుడు మాత్రమే కారి, వేడెక్కాక వాటంతట అవే మూసుకుపోతాయి.

మరొకరి సమాధానం:
పై మాటలతో ఏకీభవిస్తూ, వెతకవలసిన చోట్లు చెబుతాను. కూలెంట్ ఆరిన చోట దాని రంగులోనో, తెల్లగానో పొరలాంటి మరక మిగులుతుంది, చుక్క కన్నా నమ్మదగిన ఆనవాలు అదే. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచు వెంబడి, థర్మోస్టాట్ గూడు చుట్టూ, వాటర్ పంప్ కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర టార్చి వేసి చూడండి. పంపు లోపలి సీలు అరిగినప్పుడు నీరు బేరింగులోకి పోకుండా బయటికి వెళ్లాలని పెట్టిన దారి ఆ రంధ్రం. కారు లోపల తియ్యటి వాసన వస్తున్నా, అద్దం మీద తుడిచినకొద్దీ జిడ్డు పొర పడుతున్నా, ముందు సీటు దగ్గర కార్పెట్ తడిగా ఉన్నా హీటర్ కోర్‌ను (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్‌ను) అనుమానించాలి. డబ్బా మూతను కూడా విడిగా పరీక్షించమనండి, దాని వాల్వు బలహీనపడితే కూలెంట్ ఆవిరిగా పోతుంది.

హెడ్ గాస్కెట్ విషయానికి వస్తే, రసాయన పరీక్షతో ఇంజను విప్పకుండానే చాలావరకు తేలుతుంది. కూలెంట్ పైనున్న గాలిని నీలి ద్రవంలోంచి పీలుస్తారు, దహన వాయువులు కలిసి ఉంటే పెట్రోలు ఇంజనులో ఆ నీలం పసుపుగా మారుతుంది. ఆయిల్ మూత కింద మీగడలాంటి పదార్థం కనిపించినంత మాత్రాన భయపడకండి. ఎప్పుడూ కొద్దిదూరమే నడిచే కార్లలో తేమ చేరినా అలాగే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
మరో గ్యారేజీలో రెండు పరీక్షలూ చేయించాను. రసాయన ద్రవం నీలంగానే ఉండిపోయింది. పీడనం 1.1 బార్ ఎక్కించాక పది నిమిషాల్లో 0.8కి దిగింది, అయినా ఎక్కడా తడి కనబడలేదు. చివరికి చిన్న అద్దం పట్టుకుని పంపు కిందికి చూస్తే, మీరు చెప్పిన రంధ్రం చుట్టూ గులాబీ రంగు పొర గట్టిపడి ఉంది. దాన్ని గోటితో గీకి, తుడిచి చూస్తూ నిలబడితే, కొంతసేపటికి అక్కడే ఆవగింజంత చుక్క ఊరి మెల్లగా పెద్దదైంది. పంపు మారుస్తున్నాము. లీకేజీ ఆపే ద్రవం పోస్తే ఈ ఖర్చు తప్పేదా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
అరిగిన సీలును ఆ ద్రవం బాగుచేయదు, పైగా హీటర్ కోర్‌లోని సన్నటి గొట్టాలను మూసివేసే ప్రమాదం ఉంది. మీ ఇంజనులో పంపును టైమింగ్ బెల్టే తిప్పుతుంటే, విప్పిన చేతనే బెల్టు కూడా మార్చించండి, లేదంటే తరువాత అదే పనికి రెండోసారి కూలి కట్టవలసి వస్తుంది. కొత్త కూలెంట్ కారు పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి, రంగు ఒకటే కదా అని వేరే రకం కలపకూడదు. కింద ఒలికినదాన్ని పూర్తిగా కడిగేయించండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే ప్రాణం పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
పంపు, బెల్టు మార్చారు. రెండు రోజుల్లోనే మట్టం మళ్లీ ఒక వేలు దిగడంతో కంగారు పడ్డాను. లోపల చిక్కుకున్న గాలి బయటికి వెళ్లి, ఆ చోటును కూలెంట్ నింపిందని గ్యారేజీవారు చెప్పి గీత వరకు పోశారు. ఆ తరువాత 1,200 కిలోమీటర్లు నడిపాను, ఈ ఉదయం చూస్తే మట్టం టేపు అంచు దగ్గరే ఉంది.