పీ ఆర్బిటల్‌లో ఎలక్ట్రాన్ నోడ్ ఎట్లా దాటుతది?

ప్రశ్న: ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ అన్నా నాది. 2పీ ఆర్బిటల్ (అణువులో ఎలక్ట్రాన్ దొరికే చోటు) డంబెల్ షేప్ అంటారు, మధ్యలో నోడల్ ప్లేన్ మీద ఎలక్ట్రాన్ దొరికే ఛాన్స్ జీరో అంటారు, మరి పై లోబ్‌లో ఉన్నది ఆ జీరో దాటి కింద లోబ్‌లోకి ఎట్లా పోతది? సూపర్‌పొజిషన్ అంటే ఇదేనా? క్లాస్‌లో అడిగితే ఎంసెట్‌లో రాదు వదిలెయ్ అన్నరు.

జవాబు: అసలు దాటట్లేదు తమ్ముడూ. నువ్వు లోపల చిన్న గోళీ తిరుగుతున్నట్టు ఊహించుకుంటున్నావ్, చిక్కంతా అక్కడే. 2పీ స్టేషనరీ స్టేట్, హైడ్రోజన్‌లో దాని ఎనర్జీ మైనస్ 3.4 ఎలక్ట్రాన్ వోల్ట్, ఎంతసేపు చూసినా ఆ ఎలక్ట్రాన్ క్లౌడ్ (ఎక్కడ దొరికే ఛాన్స్ ఎంతో చూపే మబ్బు) ఆకారం మారదు. రెండు లోబ్‌లూ కలిపి ఒకటే వేవ్ ఫంక్షన్ (ఎలక్ట్రాన్ స్టేట్‌ని చెప్పే గణిత ఫంక్షన్), పైన ప్లస్ కింద మైనస్, సైన్ మారాలంటే మధ్యలో సున్నా తగలాల్సిందే కదా (ఈ ప్లస్ మైనస్‌లు చార్జ్ కాదు, సగం మంది ఇక్కడే బోల్తా పడతారు). వీణ తీగ రెండు భాగాలుగా మోగేటప్పుడు నడిమి బిందువు కదలదు, అయినా రెండు పక్కలా మోగేది ఒకే తీగ. కొలిస్తే మాత్రం ఎలక్ట్రాన్ మొత్తం ఒక్కచోటే దొరుకుతుంది, సగం ఇక్కడ సగం అక్కడ అని ఉండదు.

ప్రశ్న: మరి సూపర్‌పొజిషన్ ఎక్కడొస్తది అన్నా?

ఇంకొకరి జవాబు: సూపర్‌పొజిషన్ అంటే స్టేట్‌లని కలిపి ఇంకో స్టేట్ చేయడం, రోజూ రాస్తూనే ఉన్నావ్. పీజెడ్ అంటే ఎమ్ (మాగ్నెటిక్ క్వాంటమ్ నంబర్) సున్నా, బానే ఉంది, కానీ పీఎక్స్, పీవై రెండూ ఎమ్ ప్లస్ 1, మైనస్ 1 స్టేట్‌లని సమానంగా కలిపితే వచ్చినవి. పీఎక్స్‌కి ప్లస్ 1, పీవైకి మైనస్ 1 అని గైడుల్లో వేస్తారు చూడు, అది తప్పు. పీఎక్స్‌లో ఉన్న ఎలక్ట్రాన్‌కి ఎమ్ కొలిస్తే ప్లస్ 1కి సగం ఛాన్స్, మైనస్ 1కి సగం. మీథేన్‌లో 109.5 డిగ్రీల కోణంలో ఉండే ఎస్‌పీ3 ఆర్బిటల్ కూడా ఒక ఎస్, మూడు పీలు కలిపిందే.

ఇవన్నీ ఆకారాలే, అసలు మజా వేరే ఎనర్జీలు కలిపినప్పుడు. హైడ్రోజన్‌లో 1ఎస్‌ని 2పీతో కలిపితే క్లౌడ్ కదలకుండా ఉండదు, న్యూక్లియస్‌కి అటూ ఇటూ ఊగుతుంది. ఎంత స్పీడ్‌గానో నువ్వే లెక్కేస్కో, 1ఎస్ ఎనర్జీ మైనస్ 13.6 ఎలక్ట్రాన్ వోల్ట్, ఆ 13.6లోంచి 2పీ 3.4 తీసేస్తే 10.2, దాన్ని ప్లాంక్ స్థిరాంకం 4.14 × 10⁻¹⁵ ఎలక్ట్రాన్ వోల్ట్ సెకన్‌తో భాగించు, సెకనుకి దాదాపు 2.5 × 10¹⁵ సార్లు. 2పీ నుంచి 1ఎస్‌కి దిగేటప్పుడు వచ్చే 121.6 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ లైట్ ఫ్రీక్వెన్సీ కూడా సరిగ్గా ఇదే.