657 మ్యాచ్‌లే ఆడిన బాబీ ఓర్‌కు అంత పేరెందుకు?

ప్రశ్న (కూకట్‌పల్లి):
బాస్టన్‌లో చదువుకుంటున్న మా అబ్బాయి, అక్కడి టీడీ గార్డెన్ స్టేడియం బయట ఉన్న ఐస్ హాకీ ఆటగాడు బాబీ ఓర్ విగ్రహం ఫొటో పంపాడు. మనిషి గాలిలో అడ్డంగా తేలుతున్నట్టు ఉంది. వివరాలు వెతికితే, ఆయన ఎన్‌హెచ్‌ఎల్‌లో (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) ఆడినవి 657 మ్యాచ్‌లు, చేసినవి 270 గోల్స్ అని తేలింది. వేన్ గ్రెట్జ్‌కీ 894 గోల్స్ చేశారు కదా, మరి ఈ ఇద్దరినీ ఒకే వరుసలో ఎందుకు నిలబెడతారు? ఇది బాస్టన్ వారి అభిమానమేనా?

సమాధానం (దోమలగూడ):
ఇందిరా పార్కు రింకులో పిల్లలకు రోలర్ హాకీ నేర్పుతుంటాను కనుక, ఈ ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది. ముందుగా గమనించవలసింది, ఓర్ డిఫెండర్ అన్న సంగతి. ఆ రోజుల్లో డిఫెండర్ పని పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) అడ్డుకుని ముందున్న ఫార్వర్డ్‌కు అందించడంతో దాదాపు ముగిసేది. ఓర్ మాత్రం తన గోల్ దగ్గర పక్ అందుకుని, మైదానమంతా తానే దాటి అవతలి గోల్ మీద దాడి చేసేవారు. మధ్యలో పక్ పోయినా, అందరికంటే ముందు వెనక్కి చేరుకోగల వేగం ఆయనకుండేది. 1969-70లో 120 పాయింట్లతో (గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపి) లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచారు, 1974-75లో మళ్లీ నిలిచారు. ఇప్పటివరకు మరే డిఫెండర్‌కూ అది ఒక్కసారి కూడా సాధ్యపడలేదు. ఉత్తమ డిఫెండర్‌కిచ్చే నారిస్ ట్రోఫీ వరుసగా ఎనిమిదేళ్లు ఆయనదే.

ఇక ఆ విగ్రహం సంగతి. 1970 మే 10న సెయింట్ లూయిస్ జట్టు మీద అదనపు సమయంలో 40 సెకన్లకే సహచరుడు డెరెక్ శాండర్సన్ ఇచ్చిన పాస్‌ను ఓర్ గోల్‌గా మలిచి బాస్టన్‌కు లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు గెలిపించారు. ఆయన ఎగిరి గోల్ కొట్టారని చాలామంది అనుకుంటారు. నిజానికి పక్ అప్పటికే లోపలికి వెళ్లిపోయింది; సెయింట్ లూయిస్ ఆటగాడు నోయెల్ పికార్డ్ స్టిక్ కాలికి తగలడంతో ఓర్ ఎగిరిపడ్డారు, ఆ ఎగరడంలోనే చేతులు చాచి సంబరపడుతున్నారు.

సమాధానం (మారేడ్‌పల్లి):
పైవారు చెప్పినదంతా ఒప్పుకుంటాను గానీ, అన్ని కాలాలలోనూ మేటి ఆటగాడు ఎవరంటే నా ఓటు గ్రెట్జ్‌కీకే. ఇరవై ఏళ్లు నిలకడగా ఆడడం కూడా ప్రతిభే. పైగా ఓర్ విషయంలో, మోకాలు బాగుండి ఉంటే ఎంత చేసేవారో అన్న ఊహను కూడా మనం లెక్కలో కలిపేస్తున్నామేమో ఆలోచించాలి.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండి. ఆ మోకాలి సంగతి, బాస్టన్‌ను విడిచి వెళ్లిన సంగతి కూడా కాస్త చెప్పగలరా?

సమాధానం (దోమలగూడ):
ఎడమ మోకాలు తొలి ఏళ్లలోనే దెబ్బతింది. చిన్న రంధ్రం ద్వారా చేసే ఇప్పటి శస్త్రచికిత్సలు అప్పటికి వాడుకలోకి రాలేదు కనుక, మోకాలు కోసి తెరిచిన ప్రతిసారీ కీలు మరింత అరిగింది. 1976లో ఆయన షికాగో జట్టుకు మారారు. బాస్టన్ బ్రూయిన్స్ జట్టులో 18.5 శాతం వాటా ఇస్తామన్న సంగతిని ఏజెంట్ అలన్ ఈగిల్‌సన్ తనకు చెప్పనే లేదని తర్వాత ఓర్ వెల్లడించారు. ఆ ఈగిల్‌సన్ వేరే మోసాల కేసుల్లో 1998లో జైలుకు వెళ్లారు. షికాగోకు ఓర్ ఆడగలిగినవి 26 మ్యాచ్‌లే. అయినా 1976లో దేశాల జట్ల మధ్య జరిగిన కెనడా కప్‌లో అదే మోకాలితో ఆడి టోర్నీ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు. మారేడ్‌పల్లి వారు ఊహ అన్నారు గానీ, ఇది మాత్రం జరిగిన ఆటే.