వ్యాంపైర్ వీకెండ్ మూడో ఆల్బమ్‌ని అంతగా ఎందుకు మెచ్చుకున్నారు?

ఇండీ రాక్ బాగా వినేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. ఈ న్యూయార్క్ బ్యాండ్ 2008లో తెచ్చిన మొదటి ఆల్బమ్ అంటే నాకు ప్రాణం, ఆ ఆఫ్రికా గిటార్ పోకడ, కాలేజీ కుర్రాళ్ల హుషారు, వింటుంటే కాలు ఒకచోట ఆగదు. ఇప్పుడు వారం నుంచి 2013లో వచ్చిన మూడో ఆల్బమ్ 'మోడర్న్ వ్యాంపైర్స్ ఆఫ్ ద సిటీ' వింటున్నాను. చావు, దేవుడు, వయసు మీద పడటం, అన్నీ బరువైన సంగతులే. అట్ట మీద బొమ్మ కూడా 1966లో తీసిన, పొగలో మునిగిపోయిన న్యూయార్క్ ఫోటో.

సంగీతం రివ్యూలు రాసే వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ దీన్నే ఆ ఏడాది మేటి ఆల్బమ్‌గా ఎంచింది, ఉత్తమ ఆల్టర్నేటివ్ ఆల్బమ్‌గా గ్రామీ కూడా వచ్చింది. ఏ రివ్యూ చదివినా బ్యాండ్‌కి పరిణతి వచ్చింది అన్న మాటే. ఆ పరిణతి మాటల్లోనా, సంగీతంలోనా?

'హానా హంట్' పాట మాత్రం నన్ను పట్టేసింది. రెండున్నర నిమిషాలు దాటేదాకా బ్యాండ్ గాయకుడు ఎజ్రా కోనిగ్ పక్కన కూర్చుని గుసగుసలాడినట్టు పాడతాడు, ఆ తర్వాత డ్రమ్స్, పియానో ఒక్కసారిగా లేస్తాయి, గొంతు చించుకుని అరుస్తాడు, అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. మిగతా పాటల్లో అంత లోతు ఇంకా అందడం లేదు. 'యా హే' పేరు వెనక యూదుల దేవుడి పేరు 'యాహ్వే' ఉందని తెలిశాకే ఆ పాట కొంచెం తలకెక్కింది.

అప్పట్లోనే విన్నవాళ్లు చెప్పండి, మీకు వెంటనే నచ్చిందా, టైమ్ పట్టిందా? సాహిత్యం ముందు చదివి వినమంటారా?